కళ్ళు లేని లెక్కల మాస్టారు

మన సంఘం వార్షిక సంచికలో ప్రతి ఏడూ ఒక పెద్దమనిషి జీవితం వేయడం ఆనవాయితీ. ఇదివరకు మౌలానా ఆజాద్ గారి గురించీ, సర్ సయ్యద్ గారి గురించీ పెద్దలు రాశారు, మనమంతా చదివాము. ఈసారి ఆ పని మాకు అప్పగించారు. మేము ఉర్దూ మీడియం పిల్లలకు లెక్కలు చెప్పుకునేవాళ్ళం. తెలుగులో రాయడం అలవాటు తక్కువ, తప్పులుంటే పాఠకులు మన్నించాలి. మేము ఎన్నుకున్న ఆయన మన దేశస్థుడు కాడు, మన కాలంవాడూ కాడు. మూడువందల ఏళ్ళ కిందటి ఇంగ్లండువాడు. పేరు నికొలస్ సాండర్సన్. ఏడాది పిల్లవాడుగా వున్నప్పుడే రెండు కళ్ళూ పోయినవాడు. అటువంటి మనిషి కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో, ఒకప్పుడు న్యూటన్ కూర్చున్న పదవిలో కూర్చుని, కళ్ళున్న కుర్రాళ్ళకు ఇరవై ఏడేళ్ళకు పైగా లెక్కలు చెప్పాడు. లోకంలో ఇంతమంది వుండగా ఈయన్నే ఎందుకు పట్టుకున్నామంటే దానికి మా సొంత కారణం ఒకటి వుంది. చెప్పుకోవడానికి కాస్త సిగ్గుగా వున్న సంగతి కనుక చివరికి నెట్టాము, మరోలా అనుకోకండి.

సాండర్సన్ 1682 జనవరిలో ఇంగ్లండు ఉత్తర భాగాన యార్క్‌షైర్ జిల్లాలోని థర్ల్‌స్టన్ అనే చిన్న వూళ్ళో పుట్టాడు. తండ్రి జాన్ సాండర్సన్ ఎక్సైజు శాఖలో చిన్న వుద్యోగి. సరుకులు కొలిచి, పన్ను కట్టి, పుస్తకంలో ఎక్కించే పని. కొడుక్కు ఏడాది నిండేసరికి మశూచి పోసింది. ప్రాణం దక్కింది గాని చూపు పోయింది. చూపు మాత్రమే కాదు, కళ్ళే చితికిపోయాయి. మన ఇళ్ళలో పెద్దవాళ్ళకు ఆ జబ్బు పేరు చెబితే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. జెన్నర్ టీకా కనిపెట్టింది 1796లో. మన దేశంలో చివరి కేసు 1975లో. ప్రపంచం నుంచే పోయిందని ప్రకటించింది 1980లో. అప్పటిదాకా ఎన్ని వేల ఇళ్ళలో ఇటువంటి పిల్లలు మిగిలారో లెక్కలేదు. ఆ పిల్లలకు మన సమాజం ఏ పని చూపించిందో మీకూ మాకూ తెలుసు. ఇంగ్లండు సమాజం అంతకంటే మెరుగ్గా చూసిందని అనుకోవద్దు. గుడ్డివాళ్ళకని ప్రత్యేకంగా ఒక బడి యూరప్ మొత్తంలో ఎక్కడా లేదు. అటువంటి మొదటి బడి పారిస్‌లో తెరిచింది 1785లో. చుక్కల లిపి కనిపెట్టిన లూయీ బ్రెయిల్ పుట్టిందే 1809లో. అంటే మన కథానాయకుడికి పలకా లేదు, పుస్తకమూ లేదు, దారి చూపినవాడూ లేడు.

కాని తండ్రి వున్నాడు. రోజంతా కొలతలతో, పన్నులతో తిరిగే ఆ గుమస్తా ఇంటికి వచ్చాక కొడుక్కు కూడికలు, తీసివేతలు నోటితో చెప్పాడు. పిల్లవాడు పెద్ద పెద్ద లెక్కలు మనసులోనే చేసేవాడట. పక్కనే పెనిస్టన్ అనే వూళ్ళో ఉచిత పాఠశాల వుంటే అక్కడికి పంపారు. ఇతరులు చదువుతుంటే విని విని లాటిన్, గ్రీకు, ఫ్రెంచి నేర్చుకున్నాడు. ఈ పిల్లవాడు అక్షరాలు ఎలా నేర్చాడనే దానికి ఆ ప్రాంతంలో ఒక కథ చెప్పుకుంటారు. చర్చి పక్కన శ్మశానంలో సమాధి రాళ్ళ మీద చెక్కిన పేర్లను వేళ్ళతో తడిమి తడిమి అక్షరాల రూపం పట్టుకున్నాడట. నిజమో, తరువాత పుట్టిన కథో. మాకు మాత్రం నమ్మబుద్ధి అవుతుంది. మా చిన్నప్పుడు కూడా ఉర్దూ అక్షరాలు నేర్పిన ఉస్తాదుగారు తఖ్తీ మీద మా వేలు పట్టుకుని దిద్దించేవారు. కళ్ళు ఇంకా సరిగ్గా పట్టని ఆకారాన్ని వేలు ముందే గుర్తుపెట్టుకోవడం ప్రతి బడిపంతులూ చూసే వుంటాడు.

పద్దెనిమిదో ఏట ఆయన జాతకం మారింది. ఆ చుట్టుపక్కల రిచర్డ్ వెస్ట్ అని కలిగినవాడు, లెక్కలంటే ఇష్టమున్నవాడు, ఈ కుర్రవాడి సంగతి విని పిలిపించుకుని బీజగణితం, రేఖాగణితం చెప్పడం మొదలుపెట్టాడు. నెటిల్టన్ అనే డాక్టరు కూడా తోడయ్యాడు. ఇద్దరూ పుస్తకాలు చదివి వినిపించేవారు. కొద్దిరోజుల్లోనే శిష్యుడు గురువులను దాటిపోయాడు. తరువాత షెఫీల్డు పక్కన అటర్‌క్లిఫ్‌లో వున్న ఒక విద్యాలయానికి పంపారు గాని, అక్కడ తర్కమూ తత్వమూ తప్ప లెక్కలు లేవు. ఆయన అక్కడ నిలవలేదు. మళ్ళీ ఇంటికి వచ్చి, ఎవరో ఒకరిని బతిమాలి పుస్తకం చదివించుకుంటూ కూర్చున్నాడు.

ఇక్కడ ఒక మాట. వయసు పాతికకు వస్తోంది. తండ్రికి చిన్న జీతం. కేంబ్రిడ్జికి పంపి చదివించే స్తోమత లేదు. మన ఇళ్ళలో అయితే ఈ పాటికి చుట్టాలంతా చేరి, పోనీలెండి, తిండికి లోటు లేదు కదా, ఇంట్లోనే వుండనీయండి అని తేల్చేసేవారు. ఆయన స్నేహితులు వేరేగా ఆలోచించారు. ఈ మనిషికి చదువు చెప్పించే బదులు ఈ మనిషి చేతే చదువు చెప్పిస్తే ఎలా వుంటుందన్నారు. విద్యార్థిగా చేరడానికి డబ్బు కావాలి, పాఠం చెప్పడానికి తెలివి చాలు. 1707లో జాషువా డన్ అనే మిత్రుడు తాను చదివే క్రైస్ట్స్ కాలేజీకి వెంటబెట్టుకుని వెళ్ళాడు. అక్కడివాళ్ళు వుండడానికి గది ఇచ్చారు, లైబ్రరీ వాడుకోనిచ్చారు. అయితే పేరు మాత్రం ఏ రిజిస్టరులోనూ ఎక్కలేదు. అటు విద్యార్థీ కాదు, ఇటు ఉపాధ్యాయుడూ కాదు.

అప్పుడు అక్కడ గణిత పీఠం ప్రొఫెసరు విలియం విస్టన్. ఆ పీఠానికి లూకాసియన్ పీఠం అని పేరు. మొదట బారో, తరువాత న్యూటన్, ఆ తరువాత విస్టన్. కొత్తగా వచ్చిన ఈ గుడ్డివాడు చెప్పదలచుకున్నదీ, విస్టన్ చెప్పేదీ ఒకే సబ్జెక్టు. ఇంకొకరైతే పొమ్మనేవారు. మా వృత్తిలో ట్యూషన్ల దగ్గర మాస్టర్లు ఎలా కొట్లాడుకుంటారో చూస్తూనే వున్నాం. విస్టన్ మాత్రం సంతోషంగా పాఠాలు చెప్పుకోమని అనుమతి ఇచ్చాడు. సాండర్సన్ మొదలుపెట్టింది మామూలు లెక్కలు కాదు. న్యూటన్ గారి ప్రిన్సిపియా, వెలుగు మీద ఆయన రాసిన ఆప్టిక్స్, ఆయన బీజగణితం. ఆ రోజుల్లో పండితులకే కొరుకుడుపడని పుస్తకాలు అవి. కుర్రాళ్ళు గుంపులుగా వచ్చారు. మొదట కొందరు వింత చూడ్డానికే వచ్చి వుంటారు. గుడ్డివాడు రంగుల గురించి పాఠం చెబుతున్నాడంటే ఎవరికి చూడాలనిపించదు!

కళ్ళు లేని మనిషి వెలుగు గురించి ఎలా చెప్పగలిగాడు? కాస్త ఆగి ఆలోచిస్తే ఇందులో మాయ లేదు. వెలుగు సరళరేఖలో పోతుంది. అద్దాన్ని తాకి ఏ కోణంలో వచ్చిందో అదే కోణంలో తిరిగి పోతుంది. నీటిచుక్కలోకి దూరితే వంగుతుంది. ఇంద్రధనుస్సు మనకు సుమారు 42 డిగ్రీల కోణంలో ఎందుకు కనబడుతుందో లెక్క కట్టడానికి ఎరుపు అంటే ఎలా వుంటుందో తెలియనక్కరలేదు, ఎరుపు కిరణం ఎంత వంగుతుందో తెలిస్తే చాలు. రేఖ వేలికి అందుతుంది. కోణం వేలికి అందుతుంది. మిగతాదంతా హిసాబు. చూపున్నవాళ్ళు బొమ్మను చూసి అర్థమైందనుకుని మోసపోయే చోట ఆయన ప్రతి మెట్టూ కాలితో తడిమి దాటవలసిందే. అందుకే ఆయన పాఠం స్పష్టంగా వుండేదని అందరూ ఒప్పుకున్నారు. తనకు వున్నట్టుండి తోచేది ఏదీ లేదు కనుక, ఎదుటివాడికీ తోచే వుంటుందని వదిలేసేవాడు కాడు.

ఇక ఆయన లెక్కల పలక గురించి. మాకు ఈ జీవితంలో అన్నిటికంటే నచ్చిన భాగం ఇదే కనుక కొంచెం తీరిగ్గా చెబుతాము. ఓపికున్నవాళ్ళు పక్కన కాగితం పెట్టుకుని చదవండి.

మనసులో ఎంత చేసినా పెద్ద లెక్కల్లో మధ్యలో వచ్చిన అంకెలను ఎక్కడో ఒకచోట దాచుకోవాలి. మనం కాగితం మీద దాచుకుంటాం. ఆయన చెక్క మీద దాచుకున్నాడు. అడుగు కంటే కాస్త పెద్దదైన నలుచదరపు నున్నటి చెక్క. దాని మీద నిలువుగా అడ్డంగా గీతలు. గీతలు కలిసిన ప్రతిచోటా ఒక చిన్న బెజ్జం. మూడు వరుసలు, వరుసకు మూడు చొప్పున తొమ్మిది బెజ్జాలు కలిస్తే ఒక గడి. ఒక గడిలో ఒక అంకె. అంకె వేయడానికి రెండు రకాల గుండుసూదులు: పెద్ద తల సూది, చిన్న తల సూది. రెండూ వేరు వేరు పెట్టెల్లో చేతికి అందేలా వుండేవి.

గడి మధ్య బెజ్జంలో పెద్ద సూది ఒక్కటే వుంటే సున్న. మధ్యలో చిన్న సూది ఒక్కటే వుంటే ఒకటి. రెండు నుంచి తొమ్మిది దాకా మధ్యలో పెద్ద సూది అలాగే వుంటుంది, దాని చుట్టూ వున్న ఎనిమిది బెజ్జాల్లో ఒకదానిలో చిన్న సూది చేరుతుంది. నేరుగా పైన వుంటే రెండు. అక్కడనుంచి గడియారం ముల్లు తిరిగినట్టు తిరగండి: పైన కుడి మూల మూడు, కుడి పక్క నాలుగు, కింద కుడి మూల అయిదు, నేరుగా కింద ఆరు, కింద ఎడమ మూల ఏడు, ఎడమ పక్క ఎనిమిది, పైన ఎడమ మూల తొమ్మిది. అంతే.

నలభై ఏడూ ముప్పై ఎనిమిదీ కూడాలనుకోండి. పై వరుసలో మొదటి గడిలో పెద్ద సూది, కుడి పక్కన చిన్నది. రెండో గడిలో పెద్దది, కింద ఎడమ మూల చిన్నది. ఇది 47. దాని కింది వరుసలో పెద్దది, పైన కుడి మూల చిన్నది; పక్క గడిలో పెద్దది, ఎడమ పక్కన చిన్నది. ఇది 38. ఇప్పుడు ఒకట్ల స్థానం మీద వేలు పెడితే ఏడూ ఎనిమిదీ పదిహేను. కింద అయిదు గుచ్చి, ఒకటి మనసులో పెట్టుకుని, పదుల స్థానానికి జరిగితే నాలుగూ మూడూ ఒకటీ ఎనిమిది. 85 వచ్చింది. మనం చేసే పద్ధతే. తేడా అల్లా మన కన్ను పోయే దారిలో ఆయన వేలు పోయింది. అలవాటైన చేతులతో ఎంత వేగంగా సూదులు గుచ్చేవాడంటే చూసేవాళ్ళు తెల్లబోయేవారట. లెక్క సగంలో వదిలేసి వెళ్ళి, తిరిగి వచ్చి, ఒకసారి పలక మీద చేయి ఆనించి ఎక్కడ ఆపాడో తెలుసుకునేవాడు.

అదే పలక రేఖాగణితానికీ పనికొచ్చింది. మూలల్లో సూదులు గుచ్చి వాటి చుట్టూ పట్టుదారం లాగితే త్రిభుజమో చతురస్రమో ఏది కావాలంటే అది తయారు.

సున్నకు పెద్ద సూది ఎందుకు పెట్టాడో అని మేము చాలా రోజులు ఆలోచించాము. దాని జవాబు మాకు ఎవరు చెప్పారో తరువాత చెబుతాము. సున్న అంటే గుర్తొచ్చింది. మనం ఉర్దూలో సిఫర్ అంటాం. అరబీలోని ఆ మాటే యూరప్ భాషల్లోకి పోయి ఇంగ్లీషులో సైఫర్ అనీ జీరో అనీ రెండు రూపాలు ఎత్తింది. ఆయన జీవితమంతా చెప్పిన ఆల్జీబ్రా మాట కూడా తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాదులో వుండిన అల్ ఖ్వారిజ్మీ పుస్తకం పేరులోని అల్ జబర్ నుంచి వచ్చిందే. ఈ ముక్క మా పిల్లలకు క్లాసులో చెబితే కాసేపు నిటారుగా కూర్చుంటారు. తరువాత మామూలే.

ఘనం గురించి ఆయన చెప్పే పద్ధతి ఒకటి చెప్పి ముందుకు పోదాం. పిరమిడు ఘనపరిమాణం, అదే అడుగు అదే ఎత్తు వున్న పట్టకంలో మూడో వంతు అని మనం పిల్లల చేత బట్టీ పట్టిస్తాం. మరీ ఓపిక వుంటే ఇసుక పోసి చూపిస్తాం. ఆయన ఒక ఘనాన్ని, మన ఉర్దూలో ముకఅబ్, తీసుకుని దాని నడిబొడ్డు నుంచి ఎనిమిది మూలలకూ కోసినట్టు వూహించమనేవాడు. ఆరు సమానమైన పిరమిడ్లు వస్తాయి. ఒక్కో ముఖం ఒక్కో పిరమిడుకు అడుగు. అంటే ఒక్కో పిరమిడు మొత్తంలో ఆరో వంతు. దాని ఎత్తు ఘనం ఎత్తులో సగం. అదే అడుగు మీద అంతే ఎత్తున్న పట్టకం ఘనంలో సగం. సగంలో ఆరో వంతు ఎన్నో భాగం? మూడో భాగం. బొమ్మ లేదు, ఇసుక లేదు. ఇరవై ఏళ్ళుగా ఇసుక పోస్తున్న మాకు ఇది చదివినప్పుడు ఎలా వుండి వుంటుందో మీరే వూహించండి.

1710లో విస్టన్ గారికి ఆపద వచ్చింది. మత విషయాల్లో అక్కడి అధికారుల నమ్మకానికి వేరుగా ఏవో అభిప్రాయాలు వెల్లడించాడని విశ్వవిద్యాలయం నుంచి వెళ్ళగొట్టారు. పీఠం ఖాళీ అయింది. పండితుల్లో సాండర్సన్‌ను మించినవాడు లేడని అందరికీ తెలుసు. కాని డిగ్రీ లేదు. అసలు ఆయన ఏనాడూ అక్కడ విద్యార్థి కాడు కదా! నిబంధన ప్రకారం ప్రొఫెసరు పదవికి డిగ్రీ వుండి తీరాలి. అప్పుడు పెద్దలు రాణి అన్ గారికి విన్నవించుకుంటే, 1711 నవంబరులో ఆమె ఆజ్ఞతో ఎం.ఏ. పట్టా ఇచ్చారు. వెంటనే ఆ నెలలోనే ఆయన్ను లూకాసియన్ ప్రొఫెసరుగా ఎన్నుకున్నారు. ఆ పీఠంలో నాలుగోవాడు ఆయన. అప్పటికి వయసు ఇరవై తొమ్మిది. మన కాలంలో చక్రాల కుర్చీలో కూర్చుని విశ్వరహస్యాలు చెప్పిన స్టీఫెన్ హాకింగ్ గారు 1979 నుంచి 2009 దాకా వున్నది ఈ పీఠమే. నియమాలు మనుషుల కోసం వంగిన సందర్భాలు చరిత్రలో తక్కువ. వంగినప్పుడు పీఠానికి నష్టమేమీ రాలేదు.

పదవి వచ్చాక ఆయన తగ్గలేదు. రోజుకు ఏడెనిమిది గంటలు పాఠాలే. న్యూటన్‌తో, హాలీతో పరిచయం. తరువాత కాలంలో పెద్ద రాజకీయవేత్త అయిన లార్డ్ చెస్టర్‌ఫీల్డ్ ఆయన క్లాసులో కూర్చున్నవాడే. రాయల్ సొసైటీ సభ్యత్వం వచ్చింది. సముద్రం మీద ఓడ ఎక్కడ వుందో కనిపెట్టే పద్ధతులను పరిశీలించడానికి 1714లో పార్లమెంటు వేసిన సంఘంలో ఈ పీఠం ప్రొఫెసరుకు స్థానం వుంది కనుక అందులోనూ సభ్యుడే. 1723లో ఇల్లు తీసుకుని, బాక్స్‌వర్త్ వూరి పాదిరీ గారి కూతుర్ని పెళ్ళాడాడు. ఒక కొడుకు, ఒక కూతురు. 1728లో రెండో జార్జి రాజు కేంబ్రిడ్జికి వచ్చినప్పుడు న్యాయశాస్త్రంలో డాక్టరు పట్టా ఇచ్చారు.

చేతులు, చెవుల గురించి ఎన్నో కథలు. రోమను కాలం నాణాల్లో అసలువీ నకిలీవీ వేళ్ళతో తడిమి విడదీసేవాడు; కళ్ళున్న పండితులు అసలువేనని కొన్నవి కూడా పట్టేశాడట. గదిలో అడుగుపెట్టగానే అడుగుల చప్పుడును బట్టి గది ఎంత పెద్దదో చెప్పేవాడు. తోటలో మిత్రులు సూర్యుణ్ణి పరిశీలిస్తుంటే మబ్బు అడ్డువచ్చిన సంగతి ముఖానికి తగిలే వేడిని బట్టి పట్టేవాడు. ఫ్లూటు బాగా వాయించేవాడు. గుర్రమెక్కి నౌకరు గుర్రం వెంట వేటకు కూడా పోయేవాడట. ఇందులో వింతేమీ లేదని మాకు తెలిసిన కళ్ళు లేని మిత్రులంతా అంటారు. ఎవరికీ చెవులు అదనంగా రావు, వున్నవాటిని వాడుకోవడం వస్తుంది, అంతే.

గుణాలన్నీ బంగారమని చెప్పలేం. నోరు కటువు. మనసులో వున్నది మొహం మీద అనేసేవాడు. అందువల్ల శత్రువులు కూడా తక్కువ లేరు. ఇంకో లోటు మాకు బాగా తెలిసినదే: పాఠాలతోనే రోజు అయిపోయేది, రాసుకోవడానికి తీరిక దొరికేది కాదు. బతికుండగా ఒక్క పుస్తకం అచ్చు వేయలేదు. 1733లో పెద్ద జబ్బు చేసి లేచాక మిత్రులంతా చుట్టుముట్టి, ఇక ఆలస్యం చేయవద్దని పట్టుబట్టారు. అప్పుడు కూర్చుని బీజగణితం పుస్తకం చెప్పి రాయించాడు. అచ్చు కావడం చూడలేదు. 1739 ఏప్రిల్ 19న కాలు కుళ్ళే జబ్బుతో చనిపోయాడు. యాభై ఏడేళ్ళు. బాక్స్‌వర్త్ చర్చిలో ఖననం చేశారు. మరుసటి ఏడు, 1740లో, ముందుగా చందాలు పోగుచేసి ఎలిమెంట్స్ ఆఫ్ ఆల్జీబ్రా రెండు సంపుటాలుగా వెలువడింది. ఆ చెక్కపలక వివరం మనకు దక్కింది కూడా ఆ పుస్తకం వల్లనే. ఆయన తరువాత పీఠమెక్కిన జాన్ కోల్సన్ దాన్ని విడమరచి అందులో చేర్చాడు.

పదేళ్ళ తరువాత, 1749లో, ఫ్రాన్సులో దిదెరో అనే రచయిత గుడ్డివాళ్ళ గురించి ఒక పుస్తకం రాసి, అందులో సాండర్సన్ చివరి ఘడియల సంభాషణ అంటూ తన తలలోంచి ఒకటి కల్పించి పెట్టాడు. ఆ పుస్తకం రాసినందుకు దిదెరోను జైల్లో వేశారు. పాపం, ఈ గొడవతో సాండర్సన్‌కు సంబంధమే లేదు. అయినా ఈనాటికీ చాలామందికి ఆయన పేరు ఆ కల్పన వల్లనే తెలుసు. మరోవైపు, 1983లో స్టిగ్లర్ అనే అమెరికా గణాంక శాస్త్రవేత్త ఒక సంగతి తవ్వి తీశాడు. సంభావ్యతలో బేయిజ్ సిద్ధాంతం అని ప్రసిద్ధమైనది వుంది కదా, ఇవాళ కంప్యూటర్లలో అడుగడుక్కీ వాడేది, దాన్ని మొదట కనిపెట్టింది సాండర్సనే అయివుండవచ్చని ఆయన వాదన. అది తేలిన విషయం కాదు. నోటితో పాఠం చెప్పి, కాగితం మీద పెట్టని మాస్టర్ల కీర్తికి ఇటువంటి గతే పడుతుంది.

ఆయన పలక ఆయనతోనే పోలేదు. 19వ శతాబ్దంలో టేలర్ అనే ఇంగ్లండువాడు అదే ఆలోచనతో ఒక చట్రం చేశాడు. ఎనిమిది కోణాల గుంటలు, వాటిలో నిలబెట్టే చిన్న సీసపు దిమ్మలు. దిమ్మను ఏ దిక్కుకు తిప్పి పెడితే ఆ అంకె. దిమ్మకు రెండు కొసలు, రెండు రకాల గుర్తులు కనుక మొత్తం పదహారు సంకేతాలు. మన దేశంలో అంధుల పాఠశాలల్లో దీనినే టేలర్ ఫ్రేము అంటారు. తరువాత అమెరికాలో అబ్రహాం నెమెత్ (1918–2013) అని పుట్టుగుడ్డి వచ్చాడు. లెక్కలు గుడ్డివాళ్ళకు తగవని సలహాదారులంతా చెబితే మనస్తత్వ శాస్త్రంలో ఎం.ఏ. చేశాడు, వుద్యోగం దొరకక దిండ్ల గలీబులు కుట్టాడు. చివరికి భార్య ప్రోత్సాహంతో మళ్ళీ లెక్కలకే వచ్చి ప్రొఫెసరయ్యాడు. 1952లో బ్రెయిల్ చుక్కల్లోనే మొత్తం గణితం రాసే పద్ధతి ఇచ్చాడు. అందులో భిన్నం మొదలైందని ఒక గుర్తు, అయిపోయిందని ఒక గుర్తు. దాని విలువ ఏమిటో క్లాసులో చెప్పేవాళ్ళకు తెలుస్తుంది. ఎక్స్ ప్లస్ మూడు బై నాలుగు అని మనం నోటితో అంటే, నాలుగు మొత్తం కింద వుందా, మూడు కింద మాత్రమే వుందా? బోర్డు చూసేవాడికి తెలుసు. చూడనివాడికి రెండూ ఒకటే.

మన దగ్గర సంగతి. మచిలీపట్నం దగ్గరి పల్లెలో పుట్టిన శ్రీకాంత్ బొల్లా గారు చూపు లేదని ఇంటర్‌లో సైన్సు గ్రూపు ఇవ్వకపోతే కోర్టుకు వెళ్ళి తెచ్చుకున్నారు, తరువాత అమెరికాలో ఎం.ఐ.టి.లో చదివారు. ఆయన మీద 2024లో సినిమా కూడా వచ్చింది, మీలో చాలామంది చూసే వుంటారు.

ఇక మా సంగతి. పన్నెండేళ్ళ కిందట మా తొమ్మిదో తరగతిలో ఒక కుర్రవాడు వుండేవాడు. రేచీకటితో మొదలై చూపు నెలనెలకూ తగ్గిపోతోంది. మేము బోర్డు మీద రాస్తూ, ఇది ఇక్కడికి వస్తుంది, అది అటు పోతుంది, దీన్ని దాంతో కొట్టేయండి అంటూ పోతుంటే ఒకనాడు లేచి, ఇది అంటే ఏదో అది అంటే ఏదో పేరుపెట్టి చెప్పమని అడిగాడు. మాకు కోపం వచ్చింది. సిలబస్ అవ్వాలి కదా! నెల తిరక్కుండా వాళ్ళ నాన్నగారిని పిలిపించి, ఇటువంటి పిల్లలకు లెక్కల బదులు వేరే సబ్జెక్టు తీసుకునే సౌకర్యం వుందని చెప్పి, దరఖాస్తు మేమే మా చేత్తో రాసిచ్చాము. ఆయన మాకు సలాము చేసి మరీ వెళ్ళారు. మేలు చేశామనే అనుకున్నాము. పదో తరగతి పాసై చదువు ఆపేశాడు.

రెండేళ్ళ కిందట మన సంఘంలోని ఒక కుటుంబం వారి అమ్మాయి, ఎనిమిదో తరగతి, కంటి నరాల జబ్బుతో చూపు పోయింది. తండ్రి సంఘానికి వచ్చారు. అడిగింది డబ్బు కాదు, అదే దరఖాస్తు. లెక్కలు తప్పించే దరఖాస్తు ఎలా రాయాలో మాస్టారుకు తెలుసటగా అన్నారు. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. అప్పుడు వెదకడం మొదలుపెడితే సాండర్సన్ దొరికాడు.

వడ్రంగి చేత ప్లైవుడ్ పలక చేయించాము. వరుసకు ఎనిమిది అంకెలు, ఆరు వరుసలు. మొత్తం 432 బెజ్జాలు. రెండు వందలు దాటేసరికి ఆయన మమ్మల్ని తిట్టుకున్నాడు, తరువాత పిల్ల కోసమని తెలిసి మజూరీ సగమే పుచ్చుకున్నాడు. విలీన విద్య కింద వచ్చే రిసోర్సు టీచరుగారు బ్రెయిల్ నేర్పుతున్నారు, టేలర్ ఫ్రేము కూడా ఇచ్చారు. ఇంట్లో మాత్రం ఈ పలకే ఇష్టం. దారంతో మూడు, నాలుగు భుజాల లంబకోణ త్రిభుజం వేసి, కర్ణం పొడవున్న దారాన్ని తీసి వరుస మీద పరిస్తే సరిగ్గా అయిదు బెజ్జాల దూరం వచ్చింది. మాకు మాటిమాటికీ చేసి చూపించింది. సున్నకు పెద్ద సూది ఎందుకో చెప్పింది కూడా తనే. మధ్య బెజ్జాల మీదుగా వేలు పోనిస్తూ, పెద్ద తలలు వరసగా తగులుతుంటే దారి తప్పనని అంది. సున్న చోట ఏమీ పెట్టకపోతే గడి వుందో లేదో తెలియక వరస తెగిపోతుంది. అంకె లేనిచోట దారి చూపేది సిఫరే అన్నమాట.

మొన్న ఆ పాత కుర్రవాడు అన్నగారి కిరాణా షాపులో వున్నాడని విని వెళ్ళాము. గొంతు వినగానే గుర్తుపట్టాడు. పప్పు, నూనె, సబ్బులు, చాయపత్తా అన్నీ కలిపి పదకొండు రకాలు కొన్నాము. మొత్తం నోటితోనే కట్టి చెప్పాడు. ఇంటికి వచ్చి కాగితం మీద కూడి చూస్తే రూపాయి తేడా లేదు.

పలక కావలసిన ఇళ్ళవారు సంఘం ఆఫీసులో పేరు రాయించండి. ఒక ప్లైవుడ్ ముక్క, రెండు రకాల గుండుసూదులు, వడ్రంగి మజూరీ, అంతే ఖర్చు. జాబితాలో మొదటి పేరు ఆ కిరాణా షాపు కుర్రవాడిది. పలక సంగతి విని తనే అడిగి రాయించుకున్నాడు.